చచ్చిన చుక్కకు ఎడమ చుట్టు

భానూర్‌లో పెద్దరాములు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఉల్టా రాములు అంటే మాత్రం ముక్కు తుడుచుకోవడం రాని పిల్ల కూడా చెయ్యి పట్టుకుని గడప దాకా తీసుకుపోతుంది. చిన్నరాములు అనేవాడు ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు. వెనకాల ఇంకో మగపిల్లవాడు వస్తాడని తల్లి ముందుజాగ్రత్తగా వీడికి పెద్దరాములని పెట్టుకుంది. వరసగా ఆడపిల్లలు పుట్టుకొచ్చారు. పేరు విషయంలో అతనికి మొదటి నుంచీ కలిసిరాలేదు.

ఉల్టా అనే బిరుదు పెళ్లి పందిట్లో వచ్చింది. ఎనభైల మొదట్లో సంగతి. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, పదో తరగతి తప్పి, పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో కామరాజు అనే ఆయన షెడ్డులో లేత్ మీద చేరాడు పెద్దరాములు. లేత్ అంటే ఇనుప ముక్కను బిగించి గిర్రున తిప్పుతూ, పదునైన పనిముట్టు ఆనించి చెక్కే యంత్రం. దాని ముందు నిలబడి చూస్తే ఆ ముక్క గడియారం ముళ్లకు ఎదురు దిశలో, అంటే ఎడమ చుట్టు తిరుగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే తిరుగుడు చూసీ చూసీ అతని తల, మెడ, మోకాళ్లు అన్నీ ఆ వాటానికి అలవాటు పడ్డాయి. నిద్రలో కూడా చాప మీద అటువైపే దొర్లేవాడని, తెల్లారేసరికి ఎడమ గోడకు ఆనుకుని ఉండేవాడని చెల్లెళ్లు సాక్ష్యం చెప్పేవారు.

అట్లాంటివాణ్ణి పెళ్లికొడుకును చేసి, ఆగమ్మ కొంగును అతని కండువాకు ముడివేసి, హోమం ముందు నిలబెట్టారు. బ్యాండువాళ్లు చెవులు పగిలేలా వాయిస్తున్నారు. అయ్యగారు ఇక తిరగమన్నట్టు చేయి ఊపాడు. ఎటు తిరగాలో వేరే చెప్పాలని ఆయనకు తోచలేదు. తల్లి కడుపులోంచి వచ్చినవాడెవడికైనా అది తెలుస్తుందని అనుకున్నాడు. పెద్దరాములు కాళ్లు మాత్రం లేత్ మాట విన్నాయి. ఎడమ చుట్టు తిరిగాడు. వెనకాల ఆగమ్మ, కొత్త పెళ్లికూతురు మొగుణ్ణి ప్రశ్నిస్తే బాగుండదని, తలవంచుకుని తిరిగింది.

రెండో చుట్టు పూర్తవుతుండగా అతని మేనత్త ముత్యమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు ముందు బ్యాండు ఒక లెక్క కాదు.

"ఆపుర్రి. వీడు పెండ్లి చేసుకుంటుండా, పీనుగను సాగదోలుతుండా?"

ఎడమ చుట్టు తిరిగే చోటు మనిషి జీవితంలో ఒక్కటే ఉంటుంది. అది కాష్ఠం దగ్గర, నీళ్ల కుండ భుజాన పెట్టుకుని. ఆ సంగతి పందిట్లో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఉల్టా తిరిగినన్ని చుట్లు ముందు సీదాగా తిరిగితే అవి రద్దవుతాయని, ఆ పైన కొత్తగా మొదలుపెట్టాలని తేల్చారు. రద్దు చేసిన చుట్ల మధ్యలో పిల్ల పెళ్లయినట్టా కానట్టా అని ఒకాయన అడిగాడు. ఆయనకు అన్నం ముందుగా వడ్డించి నోరు మూయించారు.

ఆ రోజు నుంచి భానూర్‌లో ఏది తప్పినా ఆ రెండు చుట్ల మీదికే పోయింది. బోరు ఎండితే రాములు చుట్లు. బర్రె దున్నపోతును ఈనితే రాములు చుట్లు. ఎన్నికల్లో ఓడిపోయిన సర్పంచ్ కూడా అతని ఇంటి ముందు నుంచి పోతూ గొంతు సవరించుకునేవాడు.

అందుకని పెద్దరాములు ఒక పంతం పట్టాడు. ఈ చేతి మీదుగా పోయే ఏ వస్తువూ ఎడమకు తిరగకూడదు. ఎన్నేళ్లు పట్టినా సరే, ఆ పేరు చెరిగిపోవాలి. కడవకు మూత బిగించినా, తిరగలిలో పసుపు విసిరినా, పిల్లలకు రంగులరాట్నం చేసిచ్చినా అన్నీ కుడి చుట్టే. కానీ తిండి పెట్టేది లేత్. అది రోజంతా ఎడమకే తిరుగుతుంది. దానికీ ఉపాయం కనిపెట్టాడు. ఆంజనేయస్వామి పటాన్ని లేత్ వెనక గోడకు తగిలించాడు. అక్కడి నుంచి చూస్తే అదే తిరుగుడు కుడి చుట్టు అవుతుంది.

"నాకు ఉల్టా కొడితే కొట్టనియ్యి సేట్, స్వామికి సీదా కనవడాలె," అన్నాడు కామరాజుతో.

కామరాజు పటాన్ని ఉండనిచ్చాడు. ఆ పటం పెట్టినప్పటి నుంచి షెడ్డుకు పని బాగానే వస్తోంది.

ఈ లోపల తొంభైలు వచ్చాయి. ఊళ్లో సగం మంది ఫ్యాక్టరీల్లో చేరారు. ఒరియావాళ్లు, బీహారువాళ్లు కిరాయికి దిగారు. వాళ్లకు ఆ పెళ్లి సంగతి తెలియదు కాబట్టి రాములు భాయ్ అనేవారు. ఉల్టా అన్న మాట రోజుకు పదిసార్ల నుంచి వారానికి రెండుసార్లకు తగ్గింది. ఇంకొన్నేళ్లు ఓపిక పడితే పూర్తిగా పోతుందని పెద్దరాములుకు ధైర్యం వచ్చింది. సరిగ్గా అప్పుడే నాగేశ్వరి షెడ్డులోకి వచ్చింది.

అమలాపురం పిల్ల. హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద బెలూన్లకు యంత్రాలు కట్టి ఆకాశంలోకి పంపే వాళ్ల దగ్గర పరిశోధన చేస్తోంది. గంగాళం మూతంత అల్యూమినియం చక్రం గీసిన కాగితం తెచ్చింది. దాన్ని వెంట్రుకంత తేడా లేకుండా చెక్కాలి, దాని మీద పెట్టె బిగించాలి, కింద బ్యాటరీ మోటారు పెట్టాలి.

"ఇది యాడికి పోతది మేడం?" అని అడిగాడు పెద్దరాములు.

"విమానాలు తిరిగే ఎత్తు ఉంటుంది కదండీ, దానికి మూడింతల పైకి."

"అక్కడ ఏం పని?"

నాగేశ్వరి లేత్ కింద రాలిన ఇనుప రజను గుప్పెడు తీసింది. కాగితం కింద అయస్కాంతం పెట్టి పైన రజను చల్లింది. రజను లేచి గీతలు గీతలుగా సర్దుకుంది.

"ఆకాశంలో ఒక మబ్బు ఉందండీ. వానమబ్బు కాదు, చాలా దూరంలో ఉంది. దాని కడుపులో కూడా ఇలాంటి గీతలే ఉన్నాయి. అవి కంటికి కనబడవు. కానీ అక్కడి నుంచి ఎక్స్‌రేలు వస్తాయి."

"దవఖానల తీసేటియా?"

"ఆ జాతివే. అవి ఒక వాటంగా ఊగుతూ వస్తాయి. గీతలు ఎటు ఒరిగుంటే దాన్ని బట్టే ఆ ఊగుడు. మన పెట్టెను మబ్బు వంక చూపిస్తూ కొంచెం కొంచెంగా తిప్పామనుకోండి, ఒక వాటంలో ఎక్కువ తగులుతాయి, ఇంకో వాటంలో తక్కువ. ఆ తేడా చూసి గీతల ఒరుగు చెప్పొచ్చు."

పెద్దరాములు అరచెయ్యి నిలువుగా, అడ్డంగా తిప్పి చూపించాడు. "నులకమంచంల చెయ్యి పెట్టినట్టు. సందు పొడుగున పెడితే దూరుతది, అడ్డం పెడితే తట్టుతది."

"అంతేనండీ."

"ఆ మబ్బుకు పేరున్నదా?"

"పీత అంటారు."

"ఎండ్రకాయ్ రా," అని కామరాజు తన కుర్చీలోంచి అనువాదం చేశాడు.

"ఎండ్రకాయ అడ్డంగ నడుస్తది గద మేడం. దాన్ని సూసేందుకు గుండ్రంగ తిరుగుడెందుకు?"

నాగేశ్వరి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇదివరకే ఒక ఉపగ్రహం ఆ పీతను చూసి దాని ఒరుగు చెప్పిందట. ఈ పెట్టె చెప్పేది దానితో కలవాలి. కలిస్తే పెట్టె మంచిదని నమ్ముతారు, ఎవరూ చూడని వేరే మబ్బుల వంక తిప్పనిస్తారు. కలవకపోతే ఆమె ఐదేళ్ల పని గంగలో కలిసినట్టే. ఇంకో బెలూన్ ఇవ్వరు.

పెద్దరాములు ఆ చక్రాన్ని కన్నబిడ్డకు నలుగు పెట్టినట్టు చెక్కాడు. బిగించాల్సిన బోల్టులు కూడా తన కొలతతో తానే చేశాడు. బజారు పానా ఏదీ వాటికి పట్టదు. మోటారు వైర్లు నాగేశ్వరి స్వయంగా కలిపింది. ఆమె, కామరాజు టీకి పోయారు. పెద్దరాములు ఒక్కసారి చూద్దామని మీట నొక్కాడు.

చక్రం కొంచెం తిరిగి ఆగింది. మళ్లీ కొంచెం తిరిగి ఆగింది. తిరిగింది ఎడమకు.

పెద్దరాములు మీట ఆపేశాడు. ఆకాశంలోకి పోయే వస్తువు, దేవుడి గుమ్మం దాకా పోయే వస్తువు, ఎడమకు తిరుగుతోంది. ఎవరు చేశారంటే ఎవరి పేరు చెబుతారు? ఇన్నాళ్లు పెళ్లిని ఉల్టా తిప్పాడనేవారు, ఇక ఆకాశాన్ని తిప్పాడంటారు. పైగా ఇక్కడ పటం తగిలించడానికి వెనక గోడ లేదు. పైనున్నవాడు పైనుంచే చూస్తాడు.

బ్యాటరీ మోటారుకు రెండు వైర్లు తారుమారు చేస్తే చుట్టు తారుమారవుతుంది. ఆ ఏరియాలో టీ కప్పులు కడిగేవాడికి కూడా తెలిసిన విద్య అది. పెద్దరాములు పటం వంక చూసి, వైర్లు మార్చి, మీట నొక్కాడు. చక్రం బుద్ధిగా కుడికి తిరిగింది. లోపలి అంచున ఎవరికీ కనిపించని చోట ఇంత కుంకుమ పెట్టి మూత బిగించేశాడు.

నాగేశ్వరి తిరిగి వచ్చి పరీక్ష చేసుకుంది. చక్రం ఎన్ని అడుగులు వేసిందో చెప్పే ముల్లు ఉంది. ఎటు వేసిందో చెప్పే ముల్లు లేదు. అడుగులు సరిపోయాయి. పెట్టెకు తెల్లని థర్మోకోల్ చుట్టి బండి ఎక్కించారు.

సాయంత్రం రొట్టె తింటూ పెద్దరాములు ఆగమ్మకు ఈ ఘనకార్యం చెప్పాడు.

"ఆ మేడాన్ని అడిగినవా?" అంది ఆగమ్మ.

"అడిగేటిదేమున్నదే? పైకి పోయేటిది ఎడమకు తిరుగుతదా?"

"నేను గూడ ఎడమకు తిరిగే వచ్చిన నీ ఇంటికి. ఏం తక్కువైంది?"

అతను ఇంకో రొట్టె అడిగాడు.

బెలూన్ ఎగరేసిన రోజు తెల్లారేసరికి పటాన్‌చెరు మీద ఆకాశంలో చిన్న ఉల్లిగడ్డలాంటిది వేలాడుతూ కనిపించింది. షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు రోడ్డు మీదే నిలబడి తలలెత్తారు. మందుల కంపెనీ వదిలిన పొగ గట్టిపడి ముద్ద కట్టిందని కొందరన్నారు. ఎన్నికల గుర్తు అని కొందరన్నారు. కింద రోడ్డు మీద దాని వెంట ఒక జీపు పోతోంది. ముందు సీట్లో నాగేశ్వరి, ఒళ్లో వైర్‌లెస్ సెట్టు. వెనక సీట్లో పెద్దరాములు, ఒళ్లో పానాల సంచి. ఆ బోల్టులు అతను తప్ప ఎవరూ విప్పలేరు కాబట్టి తీసుకొచ్చారు.

పైన పెట్టె చూసింది చూసినట్టు రేడియోలో హైదరాబాద్‌కు పంపుతోంది. అక్కడ నాగేశ్వరి గురువు రాజారావు కూర్చుని గీతలు గీసుకుంటున్నాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. బెలూన్ నుంచి తాడు తెంచారు. పారాచూట్ గొడుగు విచ్చుకుని పెట్టె కిందికి దిగడం మొదలుపెట్టింది. అప్పుడు సెట్టు గరగరలాడింది.

"నాగేశ్వరీ, ఒరుగు దొరికింది. ఎక్కువ తక్కువలు ముత్యాల్లా ఉన్నాయి."

"థాంక్యూ సర్."

"తొందరపడకు. కుడికి ఒరగాల్సింది ఎడమకు ఒరిగింది. అద్దంలో చూసినట్టు ఉంది."

నాగేశ్వరి ముఖం తెల్లబోయింది. "మోటారు నేనే కలిపాను సర్. ఎడమ చుట్టే. నాకు బాగా గుర్తు."

"అయితే తప్పు ఇంకెక్కడో ఉంది. అదేదో తెలియకపోతే ఈ డేటా చెత్తబుట్టలోకే. పెట్టె దొరికాక చూసి చెప్పు."

వెనక సీట్లో పెద్దరాములు ముందుకు వంగాడు. చెబుదామని నోరు తెరిచాడు. జీపు గుంతలో పడి నోరు మూసుకుంది. మళ్లీ తెరవడానికి ధైర్యం చాలలేదు. ఈ పిల్ల ఒక్కతికి చెబితే ఫరవాలేదు. ఆమె హైదరాబాద్‌కు పోతుంది, ఆమెతో మాటా పోతుంది. ఊళ్లోవాళ్లకు తెలియకుండా, ఎక్కడో అడవిలో పెట్టె దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా చెబుదాం అనుకున్నాడు.

సంగారెడ్డి దాకా అంత ఆకాశం, అంత నేల. బీళ్లున్నాయి, గుట్టలున్నాయి. ఆ పెట్టె వాటన్నిటినీ కాదని వచ్చి భానూర్‌లో, ముత్యమ్మ కందిచేన్లో దిగింది.

జీపు చేను గట్టుకు చేరేసరికి అక్కడ జాతర జరుగుతోంది.

దిగిన దెబ్బకు థర్మోకోల్ ఊడిపోయింది, మూత పగిలి లోపలి చక్రం బయటపడింది. పెట్టె మాత్రం నిటారుగా నిలబడి, బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉండటం వల్ల, తన పని తాను చేసుకుంటోంది. కొంచెం తిరగడం, ఆగడం. కొంచెం తిరగడం, ఆగడం. మిలిట్రీ సామాన్లు చేసే కంపెనీ పక్కనే ఉన్న ఊరు కాబట్టి మొదట అందరూ దూరంగానే నిలబడ్డారట. ముత్యమ్మ మాత్రం తన చేన్లో దిగింది తనదేనని దగ్గరికి పోయింది. చూసింది. అది కుడికి తిరుగుతోంది. లోపలి అంచున కుంకుమ ఉంది. ఇంకేం కావాలి? దేవుళ్లకు మనం ప్రదక్షిణ చేస్తాం. తనకు తానే ప్రదక్షిణ చేసుకునే దేవుణ్ణి ఆమె డెబ్బై ఏళ్లలో చూడలేదు. పసుపు తెప్పించింది.

ఇప్పుడు ఊరంతా పెట్టె చుట్టూ తిరుగుతోంది. పెట్టె తిరిగినంత సేపు నడుస్తారు, ఆగగానే ఆగుతారు. ఆగినప్పుడు వెనకవాళ్లు ముందువాళ్లకు గుద్దుకుంటారు. వలయంలో ఆడవాళ్లున్నారు, నైట్ షిఫ్టు నుంచి నిద్ర మానుకుని వచ్చినవాళ్లున్నారు, ఏం జరుగుతోందో తెలియకపోయినా భక్తిగా చేతులు జోడించిన ఒక బీహారు కుర్రవాడున్నాడు. సైకిల్ మీద టీ అమ్మేవాడు సైకిల్ నడిపించుకుంటూ తిరుగుతూ, ఆగినప్పుడల్లా టీ పోస్తున్నాడు. చివర్న ఎవరిదో బర్రె కూడా నడుస్తూ ఆగుతూ, ఆగుతూ నడుస్తూ ఉంది. ఆగమ్మ కూడా వలయంలోనే ఉంది. మొగుణ్ణి చూసి కొంగు సర్దుకుంది కానీ వరస తప్పలేదు.

నాగేశ్వరి జీపు దిగి అట్లాగే నిలబడిపోయింది. కొంతసేపటికి ముత్యమ్మ నడుస్తూ నడుస్తూ ఆమె ముందుకు వచ్చింది.

"మామ్మగారూ, అందరూ ఎందుకండీ ఇటు తిరుగుతున్నారు?"

"మీ దిక్కు దేవుని సుట్టు ఎటు తిరుగుతరమ్మా?" అంది ముత్యమ్మ. సరిగ్గా అప్పుడే పెట్టెతో పాటు వలయం ఆగింది కాబట్టి మిగతాదీ చెప్పగలిగింది. "అది ఎటు పోతే మేము అటు. దానెంబడి పోతున్నం."

"అది ఎడమకు తిరగాలండీ."

ఎడమ అన్న మాట భానూర్‌లో ఎవరి నోట వచ్చినా తలలన్నీ ఒకే మనిషి వంక తిరుగుతాయి. తిరిగాయి. పెద్దరాములు జీపు వెనక నిలబడి పానాల సంచిని గుండెకు హత్తుకున్నాడు.

"రాములూ," అంది ముత్యమ్మ మెల్లగా, "దీన్ల నీ చెయ్యి ఉన్నదా?"

నాగేశ్వరి ఆ మాట పట్టించుకోలేదు. ఆమె పెట్టె పక్కన కూలబడి తనలో తానే లెక్క వేసుకుంటోంది. "కింద పడ్డ దెబ్బకు వైర్లు ఏవో తారుమారై ఉంటాయి. ఇక్కడ కుడికి తిరుగుతోంది. నేను ఎడమకే కలిపాను కాబట్టి పైన ఉన్నంతసేపు సరిగ్గానే తిరిగి ఉంటుంది. అయితే ఇక చేసేదేమీ లేదు. ఆ ఒరుగు తప్పే. పెట్టెలోనే ఏదో దోషం." సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది. "సర్, చూశాను. కారణం దొరకలేదు. డేటా..."

పెద్దరాములుకు తప్పించుకునే దారి అంత వెడల్పున ఎదురుగా తెరుచుకుంది. దెబ్బకు మారాయి. ఎవరి తప్పూ కాదు. నోరు మూసుకుంటే చాలు. పదిహేనేళ్లు పైబడి అరగదీసిన పేరు ఇంకొంచెం అరిగిపోతుంది. ఆ దారిలో అతను ఒక అడుగు కూడా వేశాడు. ఆ అడుగుకు ఆగమ్మ కళ్లు అడ్డం వచ్చాయి.  ఆ సాయంత్రం మేడాన్ని అడిగినవా అన్నప్పుడు చూసినట్టే ఆమె చూసింది.

"దెబ్బకు కాదు మేడం," అన్నాడు. "నేనే మార్చిన. షెడ్డులనే. మీరు టీకి పోయినప్పుడు."

నాగేశ్వరి తలెత్తింది. "ఏం మార్చారు?"

"వైర్లు. ఎడమకు తిరుగుతుంటే కుడికి పెట్టిన. పోయేటప్పుడు కుడికే, అక్కడ కుడికే, వచ్చేటప్పుడు కుడికే."

 తరువాత జరిగింది పెద్దరాములు కలలో కూడా అనుకోనిది. ముత్యమ్మ గర్వంగా చుట్టూ చూసింది.

"అయితే పోరడు సీదానే చేసిండు గద. ఉల్టా పెట్టింది ఈ పట్నం పిల్ల."

అవునవునన్నారు అందరూ. మా రాములు అన్నారు. బర్రె యజమాని అతని భుజం తట్టాడు. పెళ్లయిన నాటి నుంచి వంగిన పెద్దరాములు వెన్ను జెర నిటారైంది. నాగేశ్వరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. మొదటి నుంచీ కుడికే తిరిగి ఉంటే చిక్కే లేదు, అద్దంలో చూసినట్టు మొత్తం తిప్పి చదివితే చాలు.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ వెన్ను నిటారైన మనిషి ఊరుకోడు.

"కాదు మేడం, అడుగుతున్న. సదువుకున్నోళ్లు. దేవుని దిక్కు పోయేదానికి ఎడమ సుట్టు ఎట్ల పెట్టిన్రు?"

"దేవుడు కాదండీ రాములుగారూ. అదొక నక్షత్రం. చచ్చిపోయి తొమ్మిది వందల ఏళ్లు దాటింది."

చేన్లో కందికాయల గలగల వినిపించింది.

"సచ్చిందా?" అంది ముత్యమ్మ.

"పేలిపోయి చచ్చింది. మిగిలిన మబ్బే అది."

"మరి ఎక్స్‌రేలని చెప్పిన్రు? మబ్బని చెప్పిన్రు?" అన్నాడు పెద్దరాములు.  "సచ్చిందని చెప్పలే."

"చెబితే ఏమవుతుందండీ? ఇంకా వేడిగా, మండినట్టే ఉంది, చల్లారలేదు."

"ఇంక కాలుతనే ఉన్నది," అని ముత్యమ్మ ఆ మాటను ఊరికి వినిపించింది. పసుపు అంటిన చేతులు చీర వెనక దాచుకుంది. "అంటే కాష్ఠం."

అందరూ ఒకేసారి వెనక్కి జరిగారు. బీహారు కుర్రవాడికి ఎవరో హిందీలో చెప్పారు, వాడు అందరికంటే ఎక్కువ జరిగాడు. బర్రె ఒక్కటే నిలబడింది. ముత్యమ్మ పెద్దరాములు ముందుకు వచ్చి, అతన్ని కింది నుంచి పై దాకా చూసి, ఊరు ఇప్పటికీ చెప్పుకునే మాట అంది.

"పెండ్లికి ఎడమ సుట్టు తిరిగినవు. పీనుగకు కుడి సుట్టు తిప్పినవు. నిన్ను గన్నందుకు మా వదినె ధన్యురాలు."

సెట్టులో రాజారావు అరుస్తున్నాడు. ఎవరు మార్చారో ఆ మనిషినే చెప్పమంటున్నాడు, పరాయి మాట మీద ఐదేళ్ల పని నిలబెట్టలేనంటున్నాడు. నాగేశ్వరి సెట్టు పెద్దరాములు చేతిలో పెట్టింది. ఊరంతా వింటోంది.

"సార్, నేను పెద్దరాములును."

"ఎవరు? సరిగ్గా వినబడటం లేదు."

"ఉల్టా రాములని చెప్పు," అంది ఆగమ్మ. "జల్దీ సమజైతది."

పెద్దరాములు కళ్లు మూసుకున్నాడు. "ఉల్టా రాములును సార్. మోటారు బిగించిన కాడికెల్లి ఉల్టా తిప్పింది నేనే. నడుమల ఎవ్వలు ముట్టలే."

"మొదటి నుంచి చివరిదాకా?"

"ఆఖరు దాంక ఉల్టానే సార్."

"గుడ్," అన్నాడు రాజారావు. "ఆగండి, తిప్పి చూస్తా."

ఆయన అక్కడ తిప్పి చూసేలోగా ఇక్కడ ముత్యమ్మ ఊరుకోలేదు. తొమ్మిది వందల ఏళ్ల నుంచి ఒక్కడు కూడా కుండ పట్టని శవం. దానికి ఊరంతా పసుపు పూసి కొబ్బరికాయ కొట్టింది. ఇట్లాగే ఇంటికి పోతే ఎవరికి మంచిది? కొడుకులున్నారా అని నాగేశ్వరిని అడిగింది. నక్షత్రాలకు ఉండరండీ అంది ఆమె. అయితే ముట్టుకున్నవాడే కొడుకని ముత్యమ్మ తేల్చింది.

"నేనా?" అన్నాడు పెద్దరాములు.

"ఎడమ సుట్టు నీ అంత మంచిగ ఎవనికొస్తది బిడ్డా?"

కొత్త కుండ దొరకలేదు. ఆగమ్మ ఇంట్లోంచి పెరుగు కుండ కడిగి, నీళ్లు నింపి తెచ్చింది. పెద్దరాములు చేను పక్క బావిలో మునిగి తడిబట్టతో వచ్చాడు. నాగేశ్వరి, ఎట్లాగూ పరీక్ష చేయాలి కదా అని, వైర్లు మళ్లీ తిప్పి కలిపింది. పెట్టె ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. కుండ భుజాన పెట్టుకుని పెద్దరాములు కదిలాడు.

అంత చక్కటి ఎడమ చుట్టు ఆ ఊరు అంతకుముందు చూడలేదు. కాలు తడబడలేదు, కుండ జారలేదు. తిరిగి ఆగడం, తిరిగి ఆగడం, పెట్టె ఎంతో అతనూ అంతే. కాళ్లు మళ్లీ లేత్ మాట విన్నాయి, ఈసారి లేత్ చెప్పింది ఒప్పు. చుట్టుకొక చిల్లు చొప్పున ముత్యమ్మ కొడవలి కొనతో కుండకు గాటు పెట్టింది. కుండలోంచి నీళ్లు ధారగా పెట్టె మీదికి కొట్టాయి. నాగేశ్వరి గొడుగుబట్ట లాగి దాని మీద కప్పి, తానూ దాని మీద పడుకుంది. మూడో చుట్టు అయ్యాక పెద్దరాములు కుండను వెనక్కి వదిలేశాడు. అది భళ్లుమంది. సెట్టు గరగరమంది.

"నాగేశ్వరీ, కలిసింది. ఉపగ్రహం చెప్పినదానితో కలిసింది."

"రాములుగారూ," అని నాగేశ్వరి గొడుగుబట్ట కింది నుంచి కేక పెట్టింది. "సరిపోయిందండీ."

కుండ వదిలినవాడు వెనక్కి చూడకూడదు. పెద్దరాములు ముందుకు నడిచాడు. ఊరంతా అతని వెనక బావి వైపు నడిచింది, ఎవరూ వెనక్కి చూడలేదు. నాగేశ్వరి సెట్టు పట్టుకుని వెంటపడింది.

"వినబడిందా అండీ? మన పెట్టె మంచిదేనట. ఇంకో బెలూన్ ఇస్తారట. ఒక్కసారి ఇటు చూడండి."

"తానం చేసినంక సూస్త మేడం," అన్నాడు పెద్దరాములు తల తిప్పకుండా. "మీరు గూడ మునగుండ్రి. ఆ డబ్బను గూడ ముంచుర్రి."

డబ్బాను ముంచలేదు కానీ, ముత్యమ్మ పట్టు వదలకపోతే నాగేశ్వరి మునిగింది.

ఉల్టా అన్న పేరు ఆ తరువాత పోలేదు. వారానికి రెండుసార్లకు తగ్గినది రోజుకు ఇరవైసార్లయింది. బీహారువాళ్లు కూడా ఉల్టా భాయ్ అనడం నేర్చారు. హైదరాబాద్ నుంచి ఉత్తరం వస్తే చిరునామాలో కూడా అదే ఉండేది, లేకపోతే చేరేది కాదు. పెద్దరాములు దాన్ని అరగదీయడం మానుకున్నాడు. ఆంజనేయస్వామి పటం తీసి లేత్ ముందు వైపు తగిలించాడు. స్వామికి అన్నీ తెలుసు, చాటెందుకన్నాడు. ఒక కొత్త అలవాటు మాత్రం పట్టుకుంది. షెడ్డుకు ఎవరు ఏ మోటారు పని తెచ్చినా, పిండి మర అయినా, నీళ్ల పంపయినా, వైర్లు ముట్టుకోక ముందు ఒకటే అడిగేవాడు.

"బతికున్నోళ్లకా, సచ్చినోళ్లకా?"

రెండేళ్ల తరువాత నాగేశ్వరి ఇంకో పెద్ద చక్రం బొమ్మతో వచ్చింది. ఈసారి చూడబోయేది వేరే నక్షత్రం. పెద్దరాములు కాగితం చూడకుండానే ప్రశ్న అడిగాడు.

నాగేశ్వరి నిజాయితీగా ఆలోచించింది. "ఇది చచ్చిందని కొందరంటారండీ. లోపల ఇంకా ఏదో ఉందని కొందరంటారు. అదే తేల్చాలని మా గొడవంతా."

పెద్దరాములు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత లేచి డబ్బాలోంచి ఒక మీట తీశాడు. అటు నొక్కితే కుడికి, ఇటు నొక్కితే ఎడమకు తిరిగే మీట. చక్రం పక్కన దాన్ని బిగించి, ఒకవైపు కుంకుమ పెట్టి, రెండో వైపు విభూతి రాశాడు.

"తేలినంక నొక్కుర్రి మేడం," అన్నాడు. "నన్ను మాత్రం అడగకుర్రి."